రిపోర్టు చేతికొచ్చాక మొదలయ్యే పని

(అమలాపురంలో ఇంటర్, డిగ్రీ విద్యార్థులు, సైన్స్ ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కూర్చున్న సభలో ఒక జన్యుశాస్త్ర పరిశోధకురాలు చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభ అడిగిన ప్రశ్నలు, ఆమె జవాబులు.)

పిల్లలకు, వాళ్ళను వెంటబెట్టుకుని వచ్చిన అమ్మానాన్నలకు, తరగతి గదిలో నాకన్నా ఎక్కువ కాలం గడిపిన మాస్టార్లకు, టీచరమ్మలకు నమస్కారం.

నన్ను పిలిచినవాళ్ళు మీ పరిశోధన జీవితం గురించి చెప్పండి, జీనోమిక్స్ అంటే ఏమిటో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పండి అన్నారు. రెండూ చెబుతాను. అంతకన్నా ముందు, నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట చెప్పేస్తాను. జన్యుపరీక్ష రిపోర్టు బయటికి వచ్చినంత మాత్రాన మా పని అయిపోదు. ఆ కాగితంలో ఏముందో ఆ ఇంటివాళ్ళకు తెలిసి, వాళ్ళ నిర్ణయం వాళ్ళు తీసుకోగలిగినప్పుడే అయినట్టు. మన దేశంలో జన్యువులు చదివే యంత్రాలు బాగా పెరిగాయి. చదివినదాన్ని తెలుగులో విడమరిచి చెప్పే మనుషులు ఆ లెక్కన పెరగలేదు. నా ఉద్యోగ జీవితం మొదటి సగం చదవడంలో గడిచింది. రెండో సగం చెప్పడంలో గడుస్తోంది.

ముందు మన చెరువుల సంగతి. కరోనా వచ్చినప్పుడు పీసీఆర్ అనే మాట దేశమంతా కొత్తగా నేర్చుకుంది. భీమవరం, ఉండి ఊళ్ళ చుట్టుపక్కల రొయ్యల రైతులకు అది అప్పటికే పాత మాట. 1990ల మధ్యలో తెల్లమచ్చల వైరస్, మనవాళ్ళు వైట్‌స్పాట్ అంటారు, టైగర్ రొయ్య సాగును కుప్పకూల్చింది. ఆ దెబ్బ తిన్నాక సీడ్, అంటే రొయ్యపిల్లలు, కొనేముందు పీసీఆర్ చేయించుకోవడం క్రమంగా అలవాటైంది. 2009లో వెనామీ అనే రొయ్య రకానికి అనుమతి వచ్చి సాగు పెరిగాక ఆ ల్యాబులూ పెరిగాయి. ఆ పరీక్షలో జరిగేది ఇది. వైరస్ జన్యు పదార్థంలో ఒక చిన్న ముక్కను పట్టుకుని, ఒక్కో విడతలో దాన్ని రెట్టింపు చేస్తూ పోతారు. ముప్పై విడతలు తిరిగేసరికి ఒక ముక్క 100 కోట్లు దాటుతుంది. అప్పుడు కంటికి కనిపించేలా చూపించవచ్చు. 1983లో కారీ ముల్లిస్‌కు ఈ ఆలోచన వచ్చింది, 1993లో ఆయనకు నోబెల్ వచ్చింది. కరోనా వైరస్‌లో ఉండేది ఆర్ఎన్ఏ కాబట్టి ముందు దాన్ని డీఎన్ఏగా మార్చుకోవాలి, పేరు ముందు ఆర్‌టీ అని చేర్చేది అందుకే. వైట్‌స్పాట్ వైరస్‌లో ఉండేది నేరుగా డీఎన్ఏ.

ఒక రొయ్యల రైతు ల్యాబులో అడగడం నేను విన్నాను: "ఎన్ని పిల్లల్ని తీసి పరీక్ష చేశారండీ? నెగెటివ్ అంటే ట్యాంకు మొత్తానికి నెగెటివేనా, మీరు తీసినవాటికేనా?" ఇంతకన్నా మంచి సైన్స్ ప్రశ్న లేదు. ఎంఎస్సీ పాసైన పిల్లలు కూడా చాలామంది ఈ ప్రశ్న అడగరు. ఆయన చదివింది పదో తరగతి. చెరువులో పెట్టిన డబ్బు ఆయనకు అడగడం నేర్పింది, ల్యాబులో కుర్రాడు ఓపిగ్గా తెలుగులో చెప్పాడు. రొయ్యపిల్ల రిపోర్టు గురించి ఇంత వివరంగా అడిగే మనం, మన సొంత బిడ్డ రిపోర్టు వచ్చినప్పుడు మాత్రం మడిచి బీరువాలో పెట్టేస్తాం. అది మన తప్పని నేను అనను. ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, ఇచ్చినవాళ్ళకు రెండు నిమిషాలు కూడా తీరిక ఉండదు.

నా చదువు గురించి క్లుప్తంగా చెబుతాను. కోనసీమలో పుట్టాను, పదో తరగతి దాకా తెలుగు మీడియం, కాకినాడలో బీజెడ్‌సీ, విశాఖలో ఎంఎస్సీ, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ. ఆ తర్వాత కొన్నేళ్ళు విదేశాల్లో పనిచేసి తిరిగొచ్చాను. నేను పీహెచ్‌డీలో చేరేనాటికి హైదరాబాద్ సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో లాల్జీ సింగ్ గారి బృందం 1988లో సొంతంగా తయారుచేసిన, డీఎన్ఏతో మనిషిని గుర్తించే డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్ పద్ధతి కోర్టుల దాకా వెళ్ళింది. మన దేశంలోనే, మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళు ఇలాంటి పని చేస్తున్నారన్న ధైర్యం మా తరానికి చాలా అవసరమైంది.

అప్పట్లో డీఎన్ఏ చదవడమంటే కంటితో చదవడమే. ఫ్రెడరిక్ సాంగర్ 1977లో చెప్పిన పద్ధతి. రెండు గాజు పలకల మధ్య పలచటి జెల్ పోసి, రేడియోధార్మిక గుర్తు పెట్టిన డీఎన్ఏను నాలుగు వరుసల్లో పరిగెత్తించి, ఎక్స్‌రే ఫిల్మ్ మీద పడిన గీతలు చూసేవాళ్ళం. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు రాసుకునేవాళ్ళం: జి, ఎ, ఎ, టి, సి... ఒక జెల్ మీద రెండు మూడు వందల అక్షరాలు స్పష్టంగా దొరికితే ఆ రోజు పండగ. మనిషి జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్ఏ క్రమంలో, ఉండేవి 300 కోట్ల అక్షరాలు. 1990లో మొదలైన మానవ జీనోమ్ ప్రాజెక్టు 2003లో ముగిసింది, అయినా మిగిలిపోయిన 8 శాతం ఖాళీలు పూరించి మొదలు నుంచి చివరిదాకా చదివింది 2022లోనే. 2001లో ఒక మనిషి జీనోమ్ చదవడానికి 10 కోట్ల డాలర్ల దాకా లెక్క తేలేది. ఇప్పుడు వెయ్యి డాలర్ల లోపే. నా కళ్ళముందు ఒక శాస్త్రం ఇంతలా మారిపోవడం నా అదృష్టం, మనస్ఫూర్తిగా అంటున్నాను.

మన గోదావరి జిల్లాల బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1895లో భీమవరంలో పుట్టారు. 1920లలో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో వచ్చిన ఆ పద్ధతిని బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఇప్పటికీ చేయిస్తారు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారుచేసింది, దానికి విరుగుడుగా పనిచేసే మందులనూ తయారుచేసింది. వాటిలో మెథోట్రెక్సేట్‌ను క్యాన్సర్‌కు ఇప్పటికీ వాడుతున్నారు. పిల్లలూ, ఇక్కడ జన్యుశాస్త్రం ఉంది చూడండి. డీఎన్ఏలో ఉండే నాలుగు అక్షరాల్లో టి, అంటే థైమిన్, తయారు కావాలంటే కణానికి ఫోలేట్, అంటే ఆ ఫోలిక్ ఆమ్లం రూపమే, కావాలి. ఫోలేట్ దారి మూసేస్తే టి దొరకదు, టి లేకపోతే కొత్త డీఎన్ఏ రాయడం కుదరదు, ఎడాపెడా విడిపోయే క్యాన్సర్ కణం అక్కడ ఆగుతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఈ రకం మందునే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగానైనా తగ్గిందని 1948లో ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావు గారు పోయారు, యాభై నాలుగేళ్ళు కూడా నిండలేదు. భీమవరంలో చదివే పిల్లలకు ఆయన పేరు తెలుసు. ఫోలేట్‌కు, టి అక్షరానికి ఉన్న ఈ లంకె కూడా తెలియాలి. పేరుకు దండ వేస్తే చాలదు, ఆయన చేసిన పని పాఠం కావాలి.

ఇప్పుడు ఒక కుటుంబం సంగతి. ఊరు, పేరు, గుర్తుపట్టే వివరం ఏదీ చెప్పను. మేనరికం చేసుకున్న దంపతులు. పెద్దబిడ్డకు పుట్టుకతో వినికిడి లేదు. రెండో బిడ్డకూ లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి ఆ తల్లినే అన్నారు. కడుపుతో ఉన్నప్పుడు ఏదో తిందని, ఏదో మందు మింగిందని, గ్రహణం పూట బయటికి వచ్చిందని. రిపోర్టు వచ్చాక నా ఎదురుగా కూర్చుని ఆమె అడిగిన మొదటి మాట, "నా వల్లేనా అండీ?"

రిపోర్టులో జీజేబీ2 అనే జన్యువు పేరు ఉంది. చెవి లోపల నత్తగుల్లలా ఉండే భాగంలో పక్కపక్క కణాల మధ్య చిన్న దారులుంటాయి, పొటాషియం వాటిగుండా అటూ ఇటూ కదలాలి. ఆ దారులు కట్టే ప్రొటీన్‌కు సూచన ఈ జన్యువులో ఉంటుంది. 226 అమైనో ఆమ్లాల గొలుసు అది. మన దేశంలో తరచుగా కనిపించే ఒక మార్పు వల్ల 24వ చోట "ఇక్కడ ఆపు" అన్న ఆజ్ఞ వస్తుంది. గొలుసు మొదట్లోనే తెగిపోతుంది. జీజేబీ2 జన్యువు మనలో ప్రతి ఒక్కరికీ రెండు ప్రతులుంటాయి, ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి. ఒక ప్రతి పాడైనా రెండోది పని నడిపిస్తుంది, ఆ మనిషికి చక్కగా వినిపిస్తుంది. వాళ్ళను వాహకులు అంటాం, ఆసుపత్రుల్లో క్యారియర్ అంటారు. రెండు ప్రతులూ పాడైతేనే వినికిడి పోతుంది. అంటే ఆ బిడ్డకు ఒక ప్రతి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చాడు. ఇద్దరిలో ఏ ఒక్కరి వల్లా ఇది జరగదు. ఇద్దరికీ అది ఒకే అమ్మమ్మ నుంచో తాతయ్య నుంచో వచ్చి ఉంటుంది, అది ఉన్నట్టు వాళ్ళకూ తెలియదు. ఇలా ఇద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులో బిడ్డకు పాడైన ప్రతులే రెండూ వచ్చే అవకాశం నాలుగులో ఒకటి.

ఇది చెప్పడానికి చాలాసేపు పట్టింది. బొమ్మ గీశాను. అత్తగారిని కూడా లోపలికి పిలిపించి మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత తన అన్నదమ్ముల పిల్లల్లో ఒకరికి వినిపించేది కాదని తనే చెప్పింది. అప్పటిదాకా ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

తర్వాత తండ్రి అడిగాడు, "నాలుగులో ఒకటి అన్నారు కదండీ, రెండు అయిపోయాయి, ఇక మిగతావాళ్ళు బాగుంటారా?" ఈ ప్రశ్న నేను దాదాపు ప్రతి ఇంటి నుంచీ విన్నాను. జేబులోంచి రెండు రూపాయి బిళ్ళలు తీసి ఎగరేయండి, రెండూ బొమ్మే పడే అవకాశం నాలుగులో ఒకటి. ఇందాక ఏం పడిందో బిళ్ళకు గుర్తుండదు, మళ్ళీ ఎగరేసినా అవకాశం అంతే. ప్రతి కాన్పూ అలాగే. డిగ్రీలో మీరు మెండెల్ నిష్పత్తి 3:1 అని రాసి మార్కులు తెచ్చుకుంటారే, ఆ నిష్పత్తికి ఒక తండ్రి జీవితంలో అర్థం ఇది. పరీక్షలో అది సరిగ్గా రాసిన విద్యార్థి, ఆ తండ్రికి సరిగ్గా చెప్పగలడా? చెప్పలేకపోతే మేం నేర్పింది సగమే.

ఆ రిపోర్టు వల్ల మేలు కూడా జరిగింది. జీజేబీ2 వల్ల వినికిడి పోయినప్పుడు చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరం సాధారణంగా బాగానే ఉంటుంది. అలాంటి పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం, చిన్న వయసులోనే పెడితే, తర్వాత స్పీచ్ థెరపీ వదలకుండా చేయిస్తే ఫలితం బాగుంటుంది. మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు చేశారు. చిన్నబిడ్డకు వేళకు అందింది. పెద్దబిడ్డకు ఆ వయసు దాటిపోయింది, ఇప్పుడు సైగల భాషలో చదువుకుంటోంది, బాగా చదువుతోంది. ఆ పిల్ల మొదటి పుట్టినరోజుకే ఎవరైనా ఈ కాగితం చదివి చెప్పి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. నేను ల్యాబ్ పని తగ్గించి ఊళ్ళలో చెప్పడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మేనరికం గురించి కొంచెం నిదానంగా మాట్లాడదాం, ఎందుకంటే ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామంది ఇళ్ళలో అది ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఇంచుమించు నాలుగో వంతు పెళ్ళిళ్ళు రక్తసంబంధం లోపలే జరిగినట్టు తేలింది. మేనబావ, మేనమరదలు పెళ్ళి చేసుకుంటే, వాళ్ళ బిడ్డలో ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి వచ్చే అవకాశం 16లో ఒకటి. మేనమామే మేనకోడలిని చేసుకుంటే 8లో ఒకటి. ఇలా తరతరాలుగా చేసుకుంటూ వస్తే ఇంకా పెరుగుతుంది. బంధుత్వం లేని దంపతుల పిల్లల్లో వందకు ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో తీవ్రమైన లోపం ఏదో ఒకటి ఉంటుంది, మేనరికంలో అది ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే వందలో తొంభై నాలుగైదు మంది పిల్లలు అలాంటి లోపం లేకుండానే పుడతారు. రెండు అంకెలూ నిజమే. మొదటిది ఒక్కటే చెప్పి భయపెట్టేవాళ్ళను చూశాను, రెండోది ఒక్కటే చెప్పి "మా తాతముత్తాతలకు ఏమైంది" అని కొట్టిపారేసేవాళ్ళనూ చూశాను. రెండూ కలిపి చెప్పి, మిగతాది ఆ ఇంటివాళ్ళకు వదిలేయాలి.

మేనరికం చేసుకోని ఇళ్ళవాళ్ళు తమకు సంబంధం లేదనుకోవద్దు. శతాబ్దాలుగా ఒక కులం లోపలే పెళ్ళిళ్ళు జరిగితే, చుట్టరికం తెలియని ఇద్దరు కూడా జన్యుపరంగా దగ్గరవాళ్ళే అవుతారు. సీసీఎంబీ నుంచి తంగరాజ్ గారు, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ తదితరులు 2017లో దక్షిణాసియాలో 260కి పైగా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాల్లో ఈ ప్రభావం, దానికి పేరుపడ్డ ఫిన్లాండ్ ప్రజల్లో, అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్) యూదుల్లో కన్నా బలంగా ఉందని చూపించారు. వైశ్య సమాజంలో కనిపించే ఒక మార్పు దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. బ్యుటిరిల్ కోలినెస్టరేస్ అనే ఎంజైమ్ కొందరిలో తక్కువగా ఉంటుంది. రోజువారీ జీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు, అది జబ్బు కాదు. కానీ ఆపరేషన్ ముందు కండరాలు సడలించడానికి వాడే సక్సినైల్‌కోలీన్ అనే మందు వాళ్ళ ఒంట్లో త్వరగా కరగదు, నిమిషాల్లో తిరిగి రావాల్సిన ఊపిరి గంటల తరబడి రాకపోవచ్చు. మత్తు డాక్టరుకు ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతే. "మా నాన్నగారికి ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం చాలా ఆలస్యమైందండీ" అన్న ఒక్క ముక్క డాక్టరుకు చెబితే ఒక ప్రాణం కాపాడవచ్చు. ఇది ఒక సమాజాన్ని వేలెత్తి చూపడానికి చెప్పడం లేదు. ఇలాంటివి ప్రతి సమూహంలోనూ ఏవో ఉంటాయి, ఇంకా వెతకని సమూహాలే ఎక్కువ.

వెతకకపోవడం వల్ల నష్టమూ ఉంది. ప్రపంచంలో చదివిన జీనోమ్‌లలో ఎక్కువ భాగం యూరప్ మూలాలున్నవాళ్ళవి. మన బిడ్డ రిపోర్టులో ఒక మార్పు కనిపిస్తే అది హాని చేసేదా, మనవాళ్ళలో చాలామందికి మామూలుగా ఉండేదా అని పోల్చి చూసుకోవడానికి మనవాళ్ళ లెక్క ఉండాలి. లేకపోతే "ప్రభావం తెలియదు" అని రాస్తారు. ఆ రెండు మాటలు చదివి ఇల్లంతా టెన్షన్ పడిపోతుంది. ఇప్పుడు ఆ లోటు కొంత తీరుతోంది. 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టులో 20 సంస్థలు కలిసి 10,000 మంది జీనోమ్‌లు చదివాయి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని ఫరీదాబాద్‌లోని డేటా కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇంత పెద్ద దేశానికి పదివేలు చిన్న మొదలే, కానీ మంచి మొదలు.

గోదావరికి ఎగువన, రంపచోడవరం, చింతూరు వైపు ఏజెన్సీ గ్రామాల్లో సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. రక్తంలో ప్రాణవాయువును మోసే ప్రొటీన్‌కు చెందిన బీటా గ్లోబిన్ జన్యువులో ఒక్క అక్షరం, ఎ ఉండాల్సిన చోట టి. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది, 2047 దాకా లక్ష్యం పెట్టుకుంది. పరీక్షలు చేస్తున్నారు, మంచిది. నా బెంగ ఎక్కడంటే, క్యారియర్ అని వచ్చిన అమ్మాయిని రోగి అనుకుని సంబంధం వదులుకునే ఇళ్ళు ఉంటాయి. క్యారియర్ రోగి కాదు, మలేరియా నుంచి ఆమెకు కొంత రక్షణ కూడా ఉంటుంది. ఇద్దరు క్యారియర్లు పెళ్ళి చేసుకుంటేనే ఆలోచించాలి. ఈ మాట కోయ భాషలో, కొండరెడ్ల ఊళ్ళలో వాళ్ళ మాటలో చెప్పగల పిల్లలు కావాలి. అక్కడి నుంచి చదువుకుని వచ్చిన పిల్లలే ఆ పనికి అందరికన్నా తగినవాళ్ళు.

ఇక తరగతి గది. మాస్టార్లూ, టీచరమ్మలూ, ఒక విన్నపం. నాలుక చుట్టగలగడం ఒకే జన్యువు వల్ల వస్తుందని ఇంకా చాలాచోట్ల చెబుతున్నారు. 1940లో స్టర్టెవాంట్ అనే జన్యుశాస్త్రవేత్త అలా అనుకున్నారు. 1952లో ఒకే రూపు కవలలను పరిశీలిస్తే కొన్ని జంటల్లో ఒకరు చుట్టగలిగారు, ఇంకొకరు చుట్టలేకపోయారు. తర్వాత స్టర్టెవాంట్ కూడా తన మాట నిలవలేదని ఒప్పుకున్నారు. మనం మాత్రం చెబుతూనే ఉన్నాం. నాలుక చుట్టలేని పిల్ల ఇంటికి వెళ్ళి, చుట్టగలిగే అమ్మానాన్నలను చూసి ఏమనుకోవాలి? అలాగే పిల్లలను సొంత ఇంటి వంశవృక్షం గీసుకురమ్మనకండి. దత్తత, చిన్నప్పుడే పోయిన బిడ్డ, రెండో పెళ్ళి, ఎన్నో ఉంటాయి ఇళ్ళలో. ఊహించిన కుటుంబం ఇచ్చి గీయించండి, అందులో మేనరికం పెట్టండి, పాఠం ఏమీ తగ్గదు.

డీఎన్ఏ చూపించడానికి ల్యాబ్ అక్కర్లేదు. రావులపాలెం మార్కెట్ నుంచి ఒక చక్కెరకేళి తెచ్చుకోండి. మెత్తగా నలిపి, ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్ళు పోసి, కాసేపు ఉంచి పలచటి గుడ్డలో వడగట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి బాగా చల్లబరిచిన సర్జికల్ స్పిరిట్‌ను అంచు మీంచి నెమ్మదిగా పోయండి. తెల్లటి పోగులు పైకి తేలతాయి. సబ్బు కణాల పొరను విప్పుతుంది, ఉప్పు డీఎన్ఏను దగ్గరికి చేరుస్తుంది, స్పిరిట్‌లో అది కరగదు కాబట్టి బయటపడుతుంది. పిల్లలు చూసి ఆశ్చర్యపోయాక అక్కడితో ఆపకండి. అరటిపండులో గింజ ఎందుకు లేదో అడగండి. మన చక్కెరకేళికి క్రోమోజోమ్‌లు 11 చొప్పున మూడు వరుసలు, మొత్తం 33. మూడు వరుసలు జతలుగా సమంగా విడిపోలేవు, అందుకే గింజ కట్టదు, అందుకే మనం పిలకలు నాటుతాం. కోనసీమలో ప్రతి ఇంటి వెనకా పిలక నాటిన పిల్లలే వీళ్ళు. పాఠం మర్చిపోరు.

కంప్యూటర్ ఉంటే ఇంకో మెట్టు ఎక్కవచ్చు. అమెరికా వాళ్ళ జెన్‌బ్యాంక్‌లో కోట్ల కొద్దీ జన్యు క్రమాలు ఉచితంగా ఉన్నాయి. ఒక క్రమాన్ని ఇచ్చి దానితో పోలినవి వెతికే బ్లాస్ట్ అనే పనిముట్టు 1990 నుంచీ ఉంది, అదీ ఉచితమే. అమలాపురంలో కూర్చున్న డిగ్రీ విద్యార్థి, బోస్టన్‌లో కూర్చున్న విద్యార్థి ఒకే సమాచారం మీద పనిచేయవచ్చు. మా రోజుల్లో ఈ మాట అనడానికి లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మన దగ్గర బైపీసీ అంటే డాక్టరే. నీట్‌లో సీటు రాకపోతే పిల్ల జీవితం అయిపోయిందన్నట్టు ఇంట్లో మాట్లాడతారు. ఆ మాటలు విని కుంగిపోయిన ఎంతోమంది తెలివైన పిల్లలు నా దగ్గరికి వచ్చారు. జీవశాస్త్రంలో దారులు చాలా ఉన్నాయి. ఇంటర్ తర్వాత ఐసర్, అంటే కేంద్రం నడిపే సైన్స్ విద్యా పరిశోధన సంస్థ, ప్రవేశ పరీక్ష రాయొచ్చు, 2015 నుంచి తిరుపతిలోనే ఐసర్ ఉంది. బీఎస్సీ, ఎంఎస్సీ చేసి నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే పీహెచ్‌డీ చేసేటప్పుడు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది, మీరు ఫీజు కట్టి చదివించే పని ఉండదు. బయాలజీతో పాటు కంప్యూటర్, లెక్కలు ఇష్టపడే పిల్లలకు బయోఇన్ఫర్మేటిక్స్ ఉంది. మనుషులతో ఓపిగ్గా మాట్లాడగల పిల్లలకు జెనెటిక్ కౌన్సెలింగ్ ఉంది. అందులో తెలుగు వచ్చినవాళ్ళ కొరత నేను రోజూ చూస్తున్నాను. పీహెచ్‌డీ పొడవైన దారి, ఉద్యోగం తేలిగ్గా దొరకదు, అదీ నిజమే, దాచను. ఇష్టం ఉన్న పిల్లకు మాత్రం అడ్డం పడకండి.

ఇక అడగండి.

(ఒక రైతు: స్వర్ణ సబ్-1 వరి జన్యు మార్పిడి పంటేనా అండీ? తినొచ్చా?)

మంచి ప్రశ్న అడిగారు. కాదండి. స్వర్ణ, అంటే మీ ఎంటీయూ 7029, మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో వశిష్ఠ, మసూరి రకాలను కలిపి చేసింది, 1982లో వచ్చింది. నీట మునిగితే తట్టుకునే గుణం ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్ 13ఎ అనే పాత నాటు రకంలో ఉంది. ఆ గుణానికి కారణమైన సబ్1ఎ జన్యువును 2006లో గుర్తించారు. మామూలు సంకరంతోనే, పుప్పొడి వేసే, ఆ జన్యువును స్వర్ణలోకి తెచ్చారు. ఏ పిల్ల మొక్కలోకి ఆ జన్యువు వచ్చిందో డీఎన్ఏ పరీక్షతో చూసి ఏరుకున్నారు, దానివల్ల ఏళ్ళు కలిసొచ్చాయి. 2009లో మన దేశంలో విడుదలైంది. నీట మునిగినప్పుడు మామూలు వరి ఊపిరి కోసం గబగబా పొడుగు పెరిగి ఒంట్లో నిల్వ అంతా ఖర్చు చేసుకుంటుంది. సబ్1 ఉన్నది పెరగడం ఆపి, నిల్వ దాచుకుని, నీళ్ళు తీశాక లేస్తుంది. రెండు వారాల దాకా తట్టుకుంటుంది. వరి విషయంలో మనవాళ్ళు చేసింది ఇంకొకటి ఉంది, సాంబ మసూరికి ఎండాకు తెగులు తట్టుకునే మూడు జన్యువులు ఇదే పద్ధతిలో చేర్చారు, హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి. నిశ్చింతగా తినండి.

(ఒక తల్లి: మా అమ్మాయికి మేనబావతో సంబంధం ఖాయం చేసుకున్నామండి. ఇప్పుడు ఇవన్నీ విన్నాక భయంగా ఉంది. ఏం చేయాలి?)

భయపడకండమ్మా. ఖాయం చేసుకున్నారు కదా, ఇప్పుడు చేయగలిగినవి చూద్దాం. ముందు రెండు వైపులా పెద్దవాళ్ళను కూర్చోబెట్టి మూడు తరాల సంగతి అడిగి రాసుకోండి. పుట్టుకతో వినిపించనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, చిన్నప్పుడే కారణం తెలియకుండా పోయిన పిల్లలు, ఎదుగుదల ఆగినవాళ్ళు, మాటిమాటికీ రక్తం ఎక్కించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. మామూలుగా పెద్దవాళ్ళు ఇవి చెప్పరు, మెల్లగా అడగాలి. ఆ కాగితం పట్టుకుని జెనెటిక్స్ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. ఇంట్లో ఫలానా జబ్బు ఉందని తెలిస్తే ఏ పరీక్ష చేయాలో వాళ్ళకు తేలికవుతుంది. తలసీమియా (ఇదీ రక్తపు జబ్బే), సికిల్ సెల్ క్యారియర్లా కాదా అన్నది రక్తపరీక్షతోనే తెలుస్తుంది, ముందు అది చేయించండి. పిల్లల కోసం అనుకున్నప్పటి నుంచే, గర్భం వచ్చాక కాదు, అమ్మాయి ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది మొదటి నాలుగు వారాల్లో, చాలామందికి అప్పటికి గర్భం వచ్చిందనే తెలియదు. బిడ్డ పుట్టాక వినికిడి పరీక్ష మొదటి నెలలోనే చేయించండి.

డాక్టరు దగ్గరికి అమ్మాయిని ఒక్కదాన్నే పంపకండి, అబ్బాయి కూడా రావాలి, పరీక్ష ఇద్దరికీ. సభ అయ్యాక నేను ఇక్కడే ఉంటాను, మీవాళ్ళ వివరాలు అందరి ముందూ వద్దు, విడిగా కూర్చుని రాసుకుందాం రండి.